నిద్ర ఖాతా

డిసెంబరు. ఔలులో మధ్యాహ్నం రెండింటికే దీపాలు.
ఇంకా ఉత్తరాన, ఇనారి కొండల్లో, అసలు పొద్దే పొడవదు.
అక్కడి నుంచి ఓవ్లా ఫోన్ చేశాడు,
రెయిన్‌డీర్లను కాసేవాడు, మాటలు పొదుపుగా వాడేవాడు.
"మీ పెట్టె చచ్చిపోయింది. పదకొండు రోజులకే."
అంతే. ఇద్దరం కాసేపు గాలి హోరు విన్నాం.

ఫిబ్రవరి ఎండకు కాస్త సత్తువ వచ్చేదాకా
ఆ బ్యాటరీ ఆగాలి.
మంద మెడల్లోని పట్టీలు గంటకోసారి పంపే పలుకు విని
మిగతా గంటంతా పడుకోవడమే ఆ పెట్టె పని.
పడుకోవడం దానికి నేర్పింది నేనే.

లోపల నాలుగు కోర్లు. పని లేనప్పుడు ఒక్కోదానికీ
మెట్లు మెట్లుగా నిద్ర:
రెప్పవాల్పు, కునుకు, మాగన్ను,
అట్టడుగున గాఢనిద్ర, గడియారం కూడా ఆగిపోయే చోటు.
ఏ మెట్టు దాకా దిగాలో చెప్పడానికి
కెర్నెల్‌లో ఒక గుమాస్తా ఉంటాడు.
కిందటిసారి ఎంతసేపు పడుకున్నావో పుస్తకంలో చూసి
ఈసారి ఎంత పడుకోగలవో లెక్కగడతాడు.
పుస్తకం తప్ప అతనికి వేరే లోకం తెలియదు.

మూడు రాత్రులు లాగ్ చదివాను.
ఫ్రీజర్‌లో అలాంటిదే ఇంకో బోర్డు, మైనస్ ముప్పై,
బల్ల మీద ఎండిన రై రొట్టె, చల్లారిన కాఫీ.
మూడో కోర్ గాఢనిద్ర తలుపు తడుతోంది.
కుదరదు, అంటోంది లోపల్నుంచి ఫర్మ్‌వేర్.
మళ్ళీ తడుతోంది.
కుదరదు.
సెకనుకు నలభై వేల సార్లు.
ఊరికే ఉండటానికి ఇంత చాకిరీ చేసే యంత్రాన్ని
నేనెక్కడా చూడలేదు.

తలుపును తప్పుపట్టలేను. చలికి లోహం బిగుసుకుంటుంది.
తప్పు నాలుగేళ్ళ కిందటి నా పంక్తిది.
"కుదరదు" మైనస్ అంకెగా తిరిగొచ్చినప్పుడు
నేను పుస్తకంలో ఏమీ రాయలేదు.
అక్కడ పాత అంకె అలాగే ఉండిపోయింది,
ఎప్పుడో సెప్టెంబరులో, వెచ్చటి రాత్రి పట్టిన ఒక మంచి నిద్ర.
గుమాస్తా దాన్నే చూస్తూ మురిసిపోయాడు:
మూడో నంబరుకు బాగా నిద్రపడుతోంది,
అట్టడుగుకే పంపండి.

అద్దుకున్న పంక్తి కాదు, ఆరు పంక్తులు పట్టింది.
నిద్ర పట్టకపోతే సున్నా అని రాయి.
తిరస్కారాలకు వేరే గడి పెట్టు.
అదే తలుపు దగ్గర నిలబడిపోకు, ఒక మెట్టు పైకి రా,
కునుకైనా కునుకే.
పరిశీలించిన వోయ్‌తేఖ్ బ్రనో నుంచి అడిగాడు:
సున్నా దేనికి, ఖాళీగా వదిలేస్తే ఏం?
ఖాళీ అనుకుంటాం, అక్కడ పాతది ఉంటుంది, అన్నాను.
జవాబు రాలేదు. సంతకం పెట్టాడు.

ఆ వారమే డాక్టర్ పైవాలా ఇచ్చిన కాగితం గుర్తొచ్చింది,
ఫ్రిజ్ తలుపుకు అయస్కాంతంతో అంటించి ఉంది.
రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు?
ఏడు, ఏడు, ఏడు, ఏడు.
రౌనో పక్కన పడుకుని రేడియేటర్ టిక్కుటిక్కులు లెక్కపెట్టిన
రాత్రులన్నిటికీ నా చేతిరాతలో ఏడు.
పెన్ను దొరకలేదు. పెన్సిల్‌తో కొట్టేసి
సున్నా, రెండు, సున్నా, ఒకటిన్నర అని రాశాను.
చూడటానికి పిల్లల లెక్కల పేపర్‌లా ఉంది.

జనవరిలో ఓవ్లా స్కీల మీద కొండెక్కి
కొత్త పెట్టె బిగించి వచ్చాడు.
మూడో కోర్ ఆ చలికాలమంతా అట్టడుగుకు పోలేదు.
మాగన్ను, కునుకు, మళ్ళీ మాగన్ను,
నేను ఇక్కణ్ణుంచి దాని సున్నాలను చూస్తూనే ఉన్నాను.
ఫిబ్రవరి తొమ్మిదిన ఫోన్.
"పెట్టె ఉంది," అన్నాడు.
"చెవి చిరిగిన ఆడదొకటి కనబడటం లేదు.
కానీ అది మీ తప్పు కాదు."